పులిపిరి లేని పెద్దాయన

ఇంటింటికీ టీవీ పెట్టె రాకముందే, పెద్దవాళ్లు మాత్రమే చూడదగిన బొమ్మల హాస్యాన్ని తాండూరులో నేను నడిపించాను. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. కథలు నావి, గొంతులు నావి. మధ్యాహ్నం ఆట మొదలైందంటే మా వాకిలి పట్టక జనం రోడ్డు మీద నిలబడేవారు. స్టేషన్లో ఆగిన గూడ్సు బండి డ్రైవరు మా నవ్వులు విని, ఆట అయ్యేదాకా బండి కదిలించలేదని చెప్పుకునేవారు. చెప్పుకున్నది ఎవరని అడక్కండి. ముందు వినండి, తగ్గించవలసినవి దారిలో నేనే తగ్గిస్తాను, నా అలవాటే అంత.

ఇదంతా గుర్తుకు రావడానికి కారణం నా కుడి కన్ను. మొన్న వానలు మొదలయ్యే వేళకు వికారాబాద్‌లో శుక్లం తీయించుకుని, అక్కడే మా చెల్లెలు సుగుణ ఇంట్లో కొన్నాళ్లున్నాను. రైలెక్కితే తాండూరు ఎంత దూరం, ఇంటికి పోతానంటే వినలేదు. "ఇంటికి పోతె నువ్వు ఊకుంటవా? బండల కాడికి పోయి దుమ్ము కొట్టుకుంటవ్. ఈడనే కూసో" అంది. డాక్టరు వంగొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, తలకు నీళ్లు పోసుకోవద్దన్నాడు, గట్టిగా దగ్గొద్దన్నాడు. గట్టిగా నవ్వొద్దని మాత్రం చెప్పలేదు. నా వయసువాడికి ఆ అవసరం పడదనుకుని ఉంటాడు. కట్టు విప్పాక లోకమంతా ఎవరో కడిగి ఆరేసినట్టు కనిపించింది. కిటికీలోంచి అనంతగిరి గుట్టల పచ్చదనం చూసి, ఇన్నేళ్లూ నేను చూసింది పాత చీర రంగా అనుకున్నాను. సుగుణ ముఖంలో ముడతలు కూడా ఆ రోజే లెక్కకొచ్చాయి. ఆ సంగతి పైకన్నందుకు ఆ పూట నాకు పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పడలేదు.

సుగుణ మనవరాలు శ్రావ్య హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. వారంలో సగం రోజులు ఇంట్లోనే కూర్చుని పని చేసుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక నడుం వాల్చినవాణ్ణి, ముందు గదిలో ఆ పిల్ల ఒక్కతే పడీ పడీ నవ్వుతుంటే లేచి వెళ్లాను. టీవీలో బొమ్మలు కదులుతున్నాయి. నేనూ పక్కన కుర్చీ లాక్కున్నాను.

"తాతా, నువ్వు లోపలికి పో. గిది నువ్వు సూసేది కాదు."

"బొమ్మలే కదనే. చిన్నపిల్లలవి."

"చిన్నపిల్లలవి కావు తాతా. బూతులుంటయ్."

"గట్లనా? అయితే జర సౌండు పెంచు."

పెంచింది. మాటలు ఇంగ్లీషు. నాకు అర్థమయ్యేది కొంచెమే. మిగిలింది శ్రావ్య తెలుగులో చెబుతూ పోయింది, కొన్నిచోట్ల చెప్పకుండా ఎర్రబడింది. మెడ లేని ఒక లావు మనిషి ఆ ఇంటి యజమాని. ఆయనది శవపేటికలు అమ్మే దుకాణం. భార్య జుట్టు నిచ్చెన నిలబెట్టినట్టుంటుంది. ఒంటిపన్ను తల్లి ఒకతె. ఇంట్లో ఒక మేక. ఆ కుటుంబంలో చదువుకున్నది అదొక్కటే, అందరికీ బుద్ధులు చెబుతుంది, ఎవరూ వినరు. దేవుడు బనియన్ మీద దుకాణానికొచ్చి, జనం మొక్కులన్నీ పరీక్షల కాలంలోనే పంపిస్తున్నారని, తనకు తిండికి తీరిక లేదని ఏడుస్తాడు. లావాయన దేవుడికి టీ పోసి, పనిలో పనిగా ఒక పేటిక చూపించి, తగ్గింపు ధర అంటాడు. నేను చెంపలేసుకున్నాను. ఒక చేత్తో చెంపలేసుకుంటూ రెండో చేత్తో నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత ఒక అంత్యక్రియల ఘట్టం వచ్చింది. ఊళ్లో ఒక పిసినారి చచ్చాడు. అందరూ లేచి ఒక్కొక్కరే, ఆయనంత దాత లేడు, ఆయనంత మెత్తని మనసు లేదు అని కళ్లొత్తుకుంటున్నారు. పేటికలోని శవం మెల్లగా లేచి కూర్చుని, పక్కనున్న పెళ్లాన్ని అడుగుతుంది, 'వీళ్లు ఎవరి గురించి చెబుతున్నారు?' అని. పెళ్లాం దాని తల మీద చేయి వేసి వెనక్కి నెట్టి, 'పడుకో, మంచిగా చెబుతుంటే మధ్యలో పాడు చేయకు' అంటుంది. అంతే. నాకు కన్నీళ్లు కారిపోయాయి, కొత్త కంట్లోంచీ పాత కంట్లోంచీ. ఆ నవ్వుకు సుగుణ నిద్ర లేచి, చీర సర్దుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గీ వయసుల నీకు బొమ్మలేందన్నా? ఏడ్సినట్టు నవ్వుతున్నవ్. కుట్లు వోతయ్."

"కుట్లేమీ లేవే ఇప్పుడు. అంతా మిషనే."

"అయితే మిషను వోతది."

నవ్వు ఆగాక ఒక భయంలాంటిది పట్టుకుంది నన్ను. దాన్ని భయమనకూడదు, గుళ్లోకి వెళ్లినప్పుడు మాట తగ్గిపోతుందే, అలాంటిది. ఆ మాటే ఒక మనిషి వేదిక మీద నిలబడి అంటే ఏమవుతుంది? దేవుడి వేషం వేసినవాడు బనియన్‌తో వస్తే కుర్చీలు లేస్తాయి. చచ్చినవాణ్ణి ఎగతాళి చేస్తే వాడి కొడుకులు కాచుకుంటారు. బొమ్మ అంటే మాత్రం అందరూ నవ్వి ఇంటికి పోతారు. బొమ్మకు కులం లేదు, చుట్టాలు లేరు. మిద్దె మీది నుంచి పడుతుంది, నుజ్జవుతుంది, వచ్చే వారం మళ్లీ చాయ తాగుతూ కనిపిస్తుంది. నాలుగు గీతలు, రెండు చుక్కల కళ్లు. వాటి వెనక నిలబడి మనిషి ఎంత మాటైనా అనగలడు. ఈ సంగతి నాకు ఎప్పుడో, ఎక్కడో తెలుసు. ఎక్కడో గుర్తుకొచ్చేసరికి నా కాళ్ల కిందికి చూసుకున్నాను. సుగుణ ఇంట్లో ఇప్పుడు తెల్లటి టైల్సు. చెంబులో వేలు ముంచి, ఆ టైలు మీద ఒక గీత గీశాను. నీళ్లు గీతగా నిలవలేదు, పూసల్లా విడిపోయి మెరిశాయి.

"ఏం జేస్తున్నవ్ తాతా?"

"నాగమ్మ పెద్దమ్మను పిలుస్తున్నా" అన్నాను.

తాండూరులో మా ఇల్లంతా బండల పరుపు. మా తాతకు ఊరి బయట కందిచేలు, స్టేషన్ దారిలో బండలు కోసి నునుపు చేసే కార్ఖానా ఉండేవి. కార్ఖానాలో నునుపు తేలినవాటిలో రంగు కుదరనివి, అంచు విరిగినవి ఇంటికొచ్చేవి. అందుకే మా నడిమింటి నేల ఒకచోట నీలంగా, ఒకచోట బూడిదరంగుగా, ఒకచోట లేత పచ్చగా ఉండేది. నేల మీద కాలు పెడితే ఎండాకాలంలోనూ కడుపు దాకా చల్లన పాకేది. పొద్దున్నే అమ్మ ఆ బండలు కడిగితే ఒక వాసన లేచేది. వాన వాసన కాదు, బావి వాసన కాదు. రాతి దుమ్మూ, కిందటి రోజు కందిపప్పు పోపూ, కిరసనాయిలూ కలిసిన తడి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా బండ కడుగుతుంటే ఆగిపోతాను. నేను ఇంటర్ తప్పిన ఏడు కార్ఖానాలో కూర్చున్నాను. మధ్యాహ్నం జొన్నరొట్టెకు ఇంటికొచ్చి, తిన్నాక మళ్లీ పోబుద్ధి కాక, ఆడవాళ్ల మధ్య గోడకానుకుని పడుండేవాణ్ణి.

తాత ఇంట్లో ఉంటే ఇల్లు ఇల్లులా ఉండేది కాదు, సర్కారు కచేరీలా ఉండేది. పొడుగు మనిషి, పెద్ద పొట్ట, తెల్ల తలపాగా, ముక్కుకు ఎడమ పక్క కందిగింజంత పులిపిరి. మాట తక్కువ. మాట బదులు దగ్గు. ఇంట్లోకి వచ్చే ముందు గడప బయట ఒకసారి దగ్గేవాడు. అది ఆయన అలవాటు కాదు, ఆ కాలపు మర్యాద. ఆ దగ్గు వినగానే ఆడవాళ్లు కొంగులు నెత్తి మీదికి లాక్కునేవారు, కూర్చున్నవాళ్లు లేచేవారు, సగంలో ఉన్న మాట సగంలోనే ఆగిపోయేది. కోడళ్లు మామ ఎదుట మాట్లాడకూడదు. ఆయనకు ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఒక పిల్ల కావాలి. ఆ పిల్ల సుగుణ. లంగా జాకెట్టు పిల్ల, తాతకూ పెద్దమ్మకూ మధ్య టపా మోసేది. 'నీళ్లు తోడినమని చెప్పు', 'వస్తున్నమని చెప్పు'. ఇద్దరూ ఒకే గదిలో, నాలుగు బారల దూరంలో ఉండేవారు. ఒకరి మాట ఒకరికి వినిపించేది. అయినా సుగుణ ఇటు నుంచి అటు పరుగెత్తవలసిందే.

నాగమ్మ పెద్దమ్మ మా నాన్నకు వదిన. బషీరాబాద్ అవతల, కన్నడం మాట్లాడే ఊరి నుంచి కోడలుగా వచ్చింది. పెదనాన్న తొందరగా పోయాడు. పిల్లలు లేరు. ఆమె మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది, పొయ్యి దగ్గరి పని, కందులు విసిరే పని, అందరి తలలకు నూనె రాసే పని నెత్తినేసుకుని. కోపమొస్తే కన్నడంలో తిట్టేది, ప్రేమొస్తే తెలుగులో తిట్టేది. ఆమె పుట్టినింట్లో అన్న పోయి, వదిన చేతికి ఇల్లు వచ్చింది. అక్కడికి తిరిగిపోతే పశువుల కొట్టంలో చాప వేస్తారని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

అన్నాలయ్యాక, మగవాళ్లు కార్ఖానాలో చింతచెట్టు కింద కునుకు తీసే వేళ, పెద్దమ్మ నడిమింట్లో కాళ్లు చాపి కూర్చునేది. పక్కన ఇత్తడి చెంబు. అమ్మ, పక్కింటి ఇద్దరు ముగ్గురు, నేను, సుగుణ. వయసుకు మించిన కథ అయితే సుగుణను చెంబు నింపుకు రమ్మని పంపేవారు. అది సగం దారిలోనే ఆగి వింటుండేదని నాకు తర్వాత తెలిసింది. పెద్దమ్మ చూపుడు వేలు చెంబులో ముంచి నీలపు బండ మీద గీసేది. పొడి బండ లేత రంగు, తడి తగిలినచోట నల్లన. ఒక గీత, అది పొట్ట. ఒక వంపు, అది తలపాగా. రెండు చుక్కలు. అంతే, ఊళ్లో తిరిగే ఒక మనిషి బండ మీద పడుకుని మమ్మల్ని చూస్తుండేవాడు. పూజ చేస్తూ కునికిపాట్లు పడి హారతితో తన మీసమే కాల్చుకునే అయ్యవారు. నాడి పట్టుకుని, కళ్లేమో రోగి ఇంటి మామిడిపళ్ల బుట్ట మీద పెట్టే వైద్యుడు. రెండో పెళ్లికి సిద్ధమై జుట్టుకు రంగేసుకుంటే, చెమటకు ఆ రంగు చెంపల మీదికి కారిన ఆసామి. ఒకరోజు యముడే వచ్చాడు. మా వీధిలో ఒక ముసలమ్మను తీసుకుపోవడానికి వచ్చి, ఆమె పెట్టిన సర్వపిండి తిని, కారానికి నాలుక పట్టుకుని దున్నపోతును మరచి పరుగెత్తాడు. బొమ్మ మాట్లాడేది, బొమ్మ నడిచేది. ఎలాగంటారా? ఒక బొమ్మ తల వైపు నుంచి ఆరిపోతుంటే, పక్క బండ మీద దాని రెండో అడుగు గీసేది. అది ఆరుతుంటే మూడో బండ. చూస్తుండగానే యముడు గదికి అడ్డంగా పరుగెత్తి గడప దగ్గర మాయమయ్యేవాడు. ఇప్పుడు ఇన్ని కంప్యూటర్లు పెట్టి చేసేది ఇదే కదా. ఎండ ఆరబెడుతుందనీ, రాయి చెరిపేస్తుందనీ లెక్క వేసుకుని గీసిన ఆ వేలిని తలచుకుంటే ఇప్పటికీ నా రోమాలు నిలబడతాయి. ఏ బడికీ పోని మనిషి, ఏ బొమ్మనూ దాచుకోలేని చోట, ఏ బొమ్మా మిగలకూడని ఇంట్లో చేసింది ఆ పని.

ఇక్కడ కొంత తగ్గించాలి. నేను నడిపించానన్నాను కదా, కథలు ఆమెవి. వాకిలి పట్టని జనం లేరు, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్విన నలుగురైదుగురు ఆడవాళ్లు తప్ప. గూడ్సు బండి ఆగిన మాట నిజమే, అది రోజూ ఆగేది. గొంతులు మాత్రం నావేనని శ్రావ్యతో అన్నాను.

"అన్ని గొంతులూ నీవేనా తాతా?"

"దాదాపు."

"దాదాపంటే?"

"యముడి దున్నపోతు అరుపు నాదే" అని ఒప్పుకున్నాను. అది మాత్రం బాగా అరిచేవాణ్ణి.

అందరిలోకీ మేము ఎదురుచూసేది పెద్దాయన కోసం. పెద్దమ్మ ఆయన్ను ఆ పేరుతోనే పిలిచేది. పొడుగు మనిషి, పెద్ద పొట్ట, తలపాగా. ఈ పెద్దాయన దగ్గితే బావిలో కప్పలు లేచి నిలబడేవి. కోళ్లు కొంగు లేదని పరేషానై రెక్కలు నెత్తి మీద కప్పుకునేవి. ఆయన మాట్లాడకుండా దగ్గుతోనే కూర అడిగేవాడు, దగ్గుతోనే పెళ్లి సంబంధం మాట్లాడేవాడు. ఒకరోజు నిజంగానే జలుబు చేసి రాత్రంతా దగ్గితే, ఊరంతా తెల్లవార్లూ లేచి నిలబడే ఉంది. అమ్మ నవ్వలేక కడుపు పట్టుకుని గోడ వైపు తిరిగేది. ఇంత చేసినా పెద్దమ్మ ఒక కట్టుబాటు తప్పేది కాదు. ముక్కు గీసేది, ముక్కు పక్క పులిపిరి గీసేది కాదు. ఎవరైనా 'పులిపిరి, పులిపిరి' అని తొందర పెడితే వేలు వెనక్కి తీసుకునేది. "గది వెట్టనంతసేపు ఈయన యాడనో ఒకాయన. వెట్టిననుకో, నేను యాడుంటనో?" అనేది. నవ్వుతూనే అనేది. ఆ శవపేటికల దుకాణం బొమ్మల్ని గీసేవాళ్లు కూడా ఎక్కడో ఒకచోట వేలు వెనక్కి తీసుకుంటారా అని చూస్తూ కూర్చున్నాను. మాకు కనబడేవి వాళ్లు పెట్టిన చుక్కలే; పెట్టకుండా వదిలేసినవి ఎన్నో వాళ్లకే తెలియాలి.

ఆ ఏడు శ్రావణం ముందు సంగతి చేరవలసినవాడికి చేరింది. ఎవరు మోశారో తెలియదు, మా నవ్వులకు కాళ్లున్నాయి. తాత రాత్రి భోజనాల దగ్గర అందరూ వినేట్టు గోడతో అన్నాడు: "పగటీలి ఇంట్ల నవ్వులు ఇనవడుతున్నయట. మల్ల ఇనవడ్డదంటె, గా పెద్ద కోడలిని బషీరాబాద్ బండెక్కియ్యిండ్రి. ఆల్ల ఊళ్లె నవ్వుకుంటది." తాత రెండుసార్లు చెప్పే మనిషి కాదు. ఆ తర్వాత కొన్నాళ్లు మధ్యాహ్నాలు ఇత్తడి చెంబు గూట్లోనే ఉంది. ఆమె కందులు విసురుతూ కూర్చునేది, వేలు మాత్రం తొడ మీద కదులుతుండేది, మాకు కనిపించని బొమ్మలేవో గీస్తూ.

అప్పుడు ముసురు పట్టింది. తెరిపి లేని సన్న వాన. కార్ఖానా ఆగిపోయింది. బట్టలు ఆరలేదు, పిడకలు అంటుకోలేదు, పొగ ఇంట్లోనే తిరిగింది. తాత గొంగడి కప్పుకుని చేను చూడ్డానికి పోయాడు. చేలో నిలిచిన నీళ్లు తీయించి సాయంత్రానికి గానీ రాడని అందరి లెక్క. మధ్యాహ్నం పెద్దమ్మ లేచి వెళ్లి, గూట్లోంచి చెంబు తెచ్చుకుంది. ఎవరూ అడగలేదు. ఆ రోజు బండంతా ఆమెదే. ఎప్పుడూ అరచేయంత గీసేది, ఆ రోజు నిలువెత్తు పెద్దాయనను గీసింది. తలపాగాకు ఒక బండ, పొట్టకు ఒక బండ, గోచీ ఊడిపోతుంటే పట్టుకున్న చేతికి ఒక బండ. పెద్దాయన వానలో జారి బురదలో కూర్చున్నాడు, లేవమని తన పొట్టకే దగ్గుతో ఆజ్ఞ ఇస్తున్నాడు, పొట్ట వినడం లేదు. మేము నవ్వాము. ఎన్నాళ్లో దాచుకున్న నవ్వు, కొంగులు ఆపలేకపోయాయి. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని చూస్తే, బొమ్మ అలాగే ఉంది.

ముసురులో బండ ఆరదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ బండల మీద తిరిగిన మాకు ఎవరికీ అది తట్టలేదు. ఎండాకాలంలో తమలపాకు నమిలేలోపు మాయమయ్యే గీత, ఆ రోజు గాలిలో తేమ తాగి ఇంకా నల్లబడి కూర్చుంది. అమ్మ కొంగుతో తుడవబోయింది. తడి మీద తడి కొంగు. పొట్ట ఇంకా పెద్దదైంది. అప్పుడే గడపలో వెలుగు తగ్గింది. తాత గడప బయట దగ్గి ఉంటాడు, చూరు నీళ్ల చప్పుడులో మాకు వినబడలేదు. గొంగడి అంచు నుంచి చుక్కలు కారుతుండగా లోపలికొచ్చి, బొమ్మ ముఖం పక్కన ఆగాడు.

ఇక్కడ నేను ధైర్యంగా ముందుకొచ్చి నిలబడ్డాను. పెద్దమ్మ కొంగు గడ్డం దాకా లాక్కుని, తల వంచుకుని ఉంది. ఆమెకు పశువుల కొట్టంలో చాప కనిపిస్తూ ఉండాలి. తాత చాలాసేపు చూశాడు. "గిదెవరు?" అన్నాడు. తాత మెల్లగా వంగాడు. నేను కళ్లారా చూశాను. తన గొంగడి నీళ్లలో వేలు తడిపి, ఆ బొమ్మ ముక్కుకు ఎడమ పక్క ఒక్క చుక్క పెట్టాడు. పులిపిరి. పెట్టి, లేచి, తన గదిలోకి పోయాడు. బషీరాబాద్ బండి మాట మళ్లీ రాలేదు. పెద్దమ్మ మా ఇంట్లోనే ముసలిదై, మా ఇంట్లోనే పోయింది. ఆ రోజు నుంచి తాత గడప దగ్గర దగ్గడం మానేశాడు. వీధి మలుపులో వేపచెట్టు దగ్గరే మొదలుపెట్టేవాడు, ఇల్లు చేరేదాకా దగ్గుతూనే వచ్చేవాడు. ఎంత దూరం నుంచంటే, ఎండాకాలమైతే ఒక నిలువెత్తు బొమ్మ ఆరిపోయేంత దూరం నుంచి. తన మీద పడ్డ నవ్వును తానే పూర్తి చేసిన మనిషి మా తాత. అంతటివాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

ఇదంతా నేను శ్రావ్యకు సుగుణ ఇంటి దొడ్లో చెప్పాను. అక్కడ బట్టలుతికే చోట ఒక పాత తాండూరు బండ ఉంది, టైల్సు వేసినప్పుడు పెరికి బయట పడేసినది. వంగొద్దన్నారు కాబట్టి పీట మీద కూర్చుని, దాని మీద పెద్దాయనను గీసి చూపించబోయాను. వంకాయ వచ్చింది. శ్రావ్య దానికి కళ్లు పెట్టింది. వంకాయ మమ్మల్ని చూసి జాలిపడింది. ఈ పిల్ల తన బొమ్మల్ని ఎన్నిసార్లైనా వెనక్కి తిప్పి చూడగలదు. ఒక్కతే కూర్చుని, ఎంత గట్టిగానైనా నవ్వగలదు, ఎవరూ బండెక్కించరు. నాకు సంతోషమే. నోట్లో కొంగు కుక్కుకుని ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్విన ఆ నవ్వు రుచి ఆమెకెలా చెప్పాలో మాత్రం తెలియలేదు. నేను తాత వేలు గురించి చెబుతున్నప్పుడు శ్రావ్య కళ్లు పెద్దవయ్యాయి. మెట్ల మీద కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతున్న సుగుణ చేయి మాత్రం ఆగింది.

"ఏందన్నా, ఏం జెప్తున్నవ్ పిల్లకు?"

"జరిగింది చెబుతున్నా."

"నువ్వు ముంగట నిలవడ్డవా? దగ్గు ఇనవడకున్నా గొంగడి కనవడంగనే నువ్వు కందులు పోసే గుమ్మి ఎనుకకు ఉరికితివి. ఆడికెల్లి నీకు కనవడ్డది తాత ఈపు ఒక్కటే."

నేను శ్రావ్య వైపు చూడలేదు. "వంగాడా లేదా? అది నేను చూశాను" అన్నాను.

"వంగిండు. ఆయనకు సూపు ఆనకపోతుండె, సూసెతందుకు వంగిండు. వేలు ఆయనది కాదు. నేను ఆల్లిద్దరి నడుమ ఉన్న. గిదెవరని ఆయన అడిగిండు. నేను పెద్దమ్మ దిక్కు తిరిగిన, ఏం జెప్పాల్నని. పెద్దమ్మ నాకు జెప్పలే. కొంగు ఎనుకకు వెట్టింది. ఆయన మొకంల మొకం వెట్టి సూసింది. చెంబుల వేలు ముంచి, 'మామా, జర కాలు తియ్యిండ్రి' అన్నది. ఆయనతోటి ఎదురుంగ ఆమె మాట్లాడింది గదే మొదలు. అని, పులిపిరి వెట్టింది."

చాటలోంచి ఒక రాయి తీసి దొడ్లోకి విసిరింది. వంకాయ తడి అంచులు ఇంకా ఆరలేదు. శ్రావ్యే అడిగింది, మెల్లగా.

"మరి మీ తాత ఏం జేసిండు అవ్వా?"

"కాలు తీసిండు" అంది సుగుణ. "గంతే ఆయన జేసింది."